తెర మీద కొండ గోరింక: డేటా ఫైళ్లతో మారే పెంపుడు ప్రాణులు

కంప్యూటర్ తెర మీద తిరుగుతూ, తిండి పెడితే తిని, పలకరిస్తే దగ్గరికి వచ్చి, పట్టించుకోకపోతే డీలాపడే బొమ్మ జంతువును వర్చువల్ పెట్ అంటారు. దానిని నడిపే ప్రోగ్రాము పైకి ఒకటే వస్తువులా కనిపించినా లోపల రెండు భాగాలుగా ఉంటుంది. లెక్కలు వేసి బొమ్మను కదిలించే యంత్రభాగాన్ని ఇంజన్ అంటారు. ఆ జంతువు ఏ రంగులో ఉండాలి, ఎంత తరచుగా గెంతాలి, ఏ శబ్దం చేయాలి అన్న వివరాలు రాసిపెట్టిన ఫైళ్ల సముదాయాన్ని డేటా అంటారు. ఇంజన్‌ను మార్చాలంటే ప్రోగ్రామింగ్ తెలిసి ఉండాలి, పైగా ఆ ప్రోగ్రాము మూలపాఠమైన సోర్స్ కోడ్ చేతికి దొరకాలి. డేటాను మార్చడానికి మాత్రం చాలా సందర్భాల్లో ఒక మామూలు ఎడిటర్, దానికి తోడు ఓపిక ఉంటే సరిపోతుంది. ఈ తేడా ఉండబట్టే గత మూడు దశాబ్దాలుగా ఎందరో ఆటగాళ్లు తయారీదారులు ఊహించని జంతువులను తమ తెరల మీదికి తెచ్చుకోగలిగారు. బస్తర్ అడవిలోని పక్షిని బొమ్మగా చేసి అమ్మాలన్న ఆలోచన ఏ పెద్ద కంపెనీకీ రాకపోవచ్చు కనుక, ఛత్తీస్‌గఢ్‌లో ఆ అడవి ఉన్న దంతెవాడ వంటి ప్రాంతానికి ఈ విద్య అవసరం మరింత ఎక్కువ.

ఈ ప్రాణుల చరిత్ర చెప్పుకోవాలంటే 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన పి.ఎఫ్. మ్యాజిక్ సంస్థ విడుదల చేసిన 'డాగ్జ్' దగ్గర మొదలుపెట్టాలి. మరుసటి ఏడాది పిల్లుల కోసం 'క్యాట్జ్' వచ్చింది, ఆ తరువాత రెండూ కలిసి 'పెట్జ్' అన్న పేరుతో స్థిరపడ్డాయి. ఈ జంతువుల శరీరాలు ఫోటోలూ కావు, చేతితో గీసిన బొమ్మలూ కావు. అవి పూర్తిగా గోళాలతోనూ, ఆ గోళాలను కలిపే గీతలతోనూ నిర్మించినవి. తల ఒక పెద్ద గోళం, ముక్కు ఒక చిన్న గోళం, తోక వరుసగా పేర్చిన కొన్ని గోళాలు. ఈ పద్ధతిని ఆ సంస్థ అంతకుముందు 1994లో వచ్చిన 'బాల్జ్' అనే కొట్లాట ఆటలో వాడింది. అప్పటి కంప్యూటర్ల శక్తి తక్కువ కాబట్టి, జంతువు ప్రతి భంగిమకూ ఒక బొమ్మ దాచుకోవడం కంటే గోళాల స్థానాలను అంకెలుగా దాచుకొని అప్పటికప్పుడు గీయడం తేలికైన మార్గమైంది. తయారీదారులు సౌకర్యం కోసం తీసుకున్న ఈ నిర్ణయమే ఆటగాళ్లకు తలుపు తెరిచింది, ఎందుకంటే బొమ్మను మార్చడానికి చిత్రకళ కావాలి గానీ అంకెను మార్చడానికి కీబోర్డు చాలు.

పెట్జ్‌లో ప్రతి జాతికీ ఒక ఫైలు ఉంటుంది. దానిని హెక్స్ ఎడిటర్‌తో, అంటే ఏ ఫైలునైనా దానిలోని బైట్లు ఒక్కొక్కటిగా కనిపించేలా తెరిచి మార్చనిచ్చే పనిముట్టుతో తెరిస్తే, మొదట అర్థంకాని గుర్తుల గుట్ట కనిపిస్తుంది. కిందికి వెళ్లేకొద్దీ మాత్రం మనిషి చదవగలిగిన పాఠం ఎదురవుతుంది. ఆటగాళ్లు దీనిని ఎల్‌ఎన్‌జెడ్ అని పిలుస్తారు. చతురస్ర బ్రాకెట్లలో శీర్షికలు, ప్రతి శీర్షిక కింద అంకెల వరుసలు ఉంటాయి. 'బాల్జ్ ఇన్ఫో' అనే విభాగంలో ఒక్కో గోళానికి ఒక్కో వరుస. ఆ వరుసలోని అంకెలు దాని రంగు, అంచు గీత రంగు, ఒంటి మీది నూగు ఎంత, మూల పరిమాణానికి ఎంత కలపాలి లేదా ఎంత తీసేయాలి అన్నవాటిని చెబుతాయి. రంగు అంటే 256 రంగుల పట్టికలో ఒక స్థానం. 'లైన్జ్' విభాగం ఏ గోళం నుంచి ఏ గోళానికి గీత లాగాలో చెబితే, 'పెయింట్ బాల్జ్' ఒంటి మీది మచ్చలను నిర్ణయిస్తుంది. కుక్కకైనా పిల్లికైనా మూల గోళాలు 67, వాటి సంఖ్యలు 0 నుంచి 66 వరకు ఉంటాయి. కొమ్ము, జూలు, రెక్క వంటివి అదనంగా తగిలించాలనుకున్నవారు 'యాడ్ బాల్' విభాగంలో కొత్త వరుసలు రాసుకుంటే అవి 67వ సంఖ్య నుంచి లెక్కకు వస్తాయి. కుక్క జాతి ఫైలును పట్టుకొని నక్కను, గుర్రాన్ని, రెక్కల ప్రాణిని తయారుచేసినవారంతా చేసిన పని ఇదే. అయితే ఇంజన్ దృష్టిలో అది ఇంకా కుక్కే కాబట్టి నడక, మొరుగుడు, తోక ఊపడం పాతవే ఉండిపోతాయి; రూపం డేటాలో ఉంది, కదలిక వేరే చోట ఉంది.

ఈ పనిలో కొత్తవారు తప్పకుండా ఎదుర్కొనే చిక్కు పొడవుకు సంబంధించినది. ఇలాంటి ఫైళ్లలో ఏ విభాగం ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో ముందే లెక్కగట్టి మరోచోట రాసి ఉంటుంది కనుక, మధ్యలో ఒక్క అక్షరం ఎక్కువైనా దాని తరువాతివన్నీ పక్కకు జరిగి, ప్రోగ్రాము వాటిని తప్పుచోట వెతుకుతుంది. అందువల్ల హెక్స్ ఎడిటర్‌లో పాత అక్షరాల మీదే కొత్త అక్షరాలు రాయాలి, మొత్తం పొడవు మారకూడదు. ఇంగ్లీషులో 'పూడిల్' అన్న పేరుకు ఆరు బైట్లు పడితే, దాని స్థానంలో మరో ఆరు అక్షరాల ఇంగ్లీషు పేరు పెట్టవచ్చు. అదే తావులో తెలుగులో 'గోరింక' అని రాయబోతే పరిస్థితి వేరు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. 'గోరింక'లో గకారం, ఓత్వం, రకారం, ఇత్వం, సున్న, కకారం కలిపి ఆరు సంకేతాలు ఉన్నందున మొత్తం 18 బైట్లు అవుతాయి. ఎలాగో చోటు కల్పించినా పాత ప్రోగ్రాము దానిని చదవలేదు. 'క' అన్న అక్షరం ఫైలులో 224, 176, 149 అనే మూడు అంకెలుగా నిలుస్తుంది, ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే పాత విండోస్ ప్రోగ్రాము మాత్రం ఆ మూడింటినీ తలమీద గీత ఉన్న ఒక ఫ్రెంచి అక్షరం, ఒక డిగ్రీ గుర్తు, ఒక నల్లచుక్కగా చూపిస్తుంది. తెలుగు పాఠం కొన్ని వెబ్ పేజీల్లోనూ మెయిళ్లలోనూ ఇలా చెదిరి కనిపించడం చాలామందికి అనుభవమే. పెట్జ్ నాలుగో విడత వచ్చింది 1999లో. గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ తెలుగును చూపించగలిగింది 2001లో. ఆ ఆటలో తెలుగు పేరు కనిపించకపోవడానికి కారణం ఆ కాలపు యంత్రాల్లో ఉంది.

రూపం ఒక్కటే కాక స్వభావం కూడా డేటాలో ఉన్న ప్రోగ్రాము 1996లో బ్రిటన్ నుంచి వచ్చిన 'క్రియేచర్స్'. స్టీవ్ గ్రాండ్ రూపొందించిన ఈ ఆటలో 'నార్న్' అనే ప్రాణికి దాదాపు వెయ్యి నాడీకణాలతో, వాటి మధ్య ఇంచుమించు 5,000 అనుసంధానాలతో ఒక చిన్న మెదడు ఉంటుంది. ఆకలి, నొప్పి, భయం అన్నవి రక్తంలో పెరిగి తరిగే రసాయనాలుగా లెక్కింపబడతాయి. మొదటి విడతలో సుమారు 320 జన్యువులతో కూడిన ఒక ఫైలు ఈ మొత్తాన్నీ నిర్ణయిస్తుంది. ఒక రసాయనం సగానికి తగ్గడానికి ఎంతసేపు పట్టాలో చెప్పే అంకెను మారిస్తే, తిన్న కాసేపటికే మళ్లీ ఆకలయ్యే నార్న్ పుట్టవచ్చు, అసలు ఆకలే తెలియక నీరసించి చనిపోయే నార్న్ కూడా పుట్టవచ్చు. ఈ మార్పులు పిల్లలకు సంక్రమిస్తాయి కూడా. పెట్జ్‌లో సైతం మూడో విడత నుంచి జంతువులు జతకట్టి పిల్లలను కంటాయి కనుక, ఎక్కడో ఒకరు దిద్దిన చెవి ఆకారం మరొకరి తెర మీది పిల్లలో కనిపించడం మామూలైంది. జన్యుశాస్త్రాన్ని పాఠ్యపుస్తకంలో చదివిన విద్యార్థికి ఇంతకంటే స్పష్టంగా ఆ విషయాన్ని చూపించే సాధనం మరొకటి దొరకడం కష్టం.

అన్ని పెంపుడు ప్రాణులూ ఇలా చేతికి దొరకవు. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ సంస్థ అమ్మకానికి పెట్టిన 'తమగోచి' గుడ్డు ఆకారపు బొమ్మలో ప్రోగ్రాము, డేటా రెండూ చిప్‌లో శాశ్వతంగా ముద్రించి ఉంటాయి. నటాలీ సిల్వనోవిచ్ అనే భద్రతా పరిశోధకురాలు తరువాతి తరం తమగోచి చిప్‌లోని సమాచారాన్ని బయటికి రాబట్టిన తీరును 2012 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన ఒక సమావేశంలో వివరించారు. చిప్‌ను తెరిచి, దాని నిర్మాణాన్ని గుర్తుపట్టి, లోపలి కోడ్‌ను చదవాల్సి వచ్చిన ఆ శ్రమ నిపుణులకే సాధ్యం. ఒక పాఠశాల పిల్లవాడికి ఏ ప్రోగ్రాము పనికివస్తుందో నిర్ణయించేది దాని అందం కంటే ముందు దాని డేటా ఎంత బాహాటంగా ఉందన్నదే.

ఆ దృష్టితో దంతెవాడకు వస్తే, అక్కడ చేయదగిన మొదటి ప్రాణి కొండ గోరింక. హిందీలో పహాడీ మైనాగా పేరున్న ఈ పక్షి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షి. దంతెవాడకు పొరుగున, జగదల్‌పూర్ దగ్గర 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం దాని ముఖ్య నివాసాల్లో ఒకటి. నిగనిగలాడే నల్లని ఒళ్లు, రెక్కల మీద తెల్లని మచ్చ, నారింజ రంగు ముక్కు, కళ్ల పక్క నుంచి మెడ వెనక్కి సాగిన పసుపుపచ్చని తోలు దాని గుర్తులు. మనిషి మాటను అచ్చంగా పలుకుతుందన్న పేరే దానికి ముప్పు తెచ్చింది. పంజరాల కోసం పట్టుకుపోవడం దాని సంఖ్య తగ్గడానికి ఒక కారణమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు దానిని పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. మగ ఏదో ఆడ ఏదో చూపుకు తేడా తెలియని పక్షి కావడం వల్ల జగదల్‌పూర్‌లో పంజరంలో సంతానం పెంచే ప్రయత్నాలూ ఆశించినట్టు సాగలేదు. ఇంట్లో ఉంచుకోకూడని పక్షిని తెర మీద ఉంచుకోవడంలో ఎవరికీ నష్టం లేదు, దానిని సరిగ్గా తయారుచేయాలంటే అడవిలో దాని బతుకును శ్రద్ధగా గమనించాల్సి వస్తుంది కాబట్టి లాభమే ఉంది.

దీనికి అనువైన ప్రోగ్రాము 'షిమెజి'. జపాన్‌కు చెందిన యుకి యమాదా 2009లో గ్రూప్ ఫినిటీ అన్న పేరుతో విడుదల చేసిన ఈ చిన్న ప్రాణి కంప్యూటర్ తెర అడుగున నడుస్తుంది, తెరిచి ఉన్న విండోల అంచుల మీద కూర్చుంటుంది, గోడలెక్కుతుంది, మౌస్‌తో పట్టుకొని విసిరితే కింద పడుతుంది. దీని డేటా పూర్తిగా బాహాటం. ఒక ఫోల్డర్‌లో 128 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న 46 బొమ్మలు ఉంటాయి. పిక్సెల్ అంటే తెర మీది చుక్క. మరో ఫోల్డర్‌లో రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి, అంటే గుర్తుల మధ్య సమాచారాన్ని క్రమంగా రాసే మామూలు పాఠపు ఫైళ్లు. మొదటిది చర్యల ఫైలు, ఏ కదలికకు ఏ బొమ్మలు ఎంతసేపు చూపాలో చెబుతుంది; రెండోది ప్రవర్తనల ఫైలు, ఏ చర్య ఎప్పుడు, ఎంత తరచుగా జరగాలో చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, దిద్ది, భద్రపరిచి, ప్రోగ్రామును మళ్లీ మొదలుపెడితే మార్పు కనిపిస్తుంది. ఇక్కడ పొడవు మారితే వచ్చే ప్రమాదం లేదు, ఎందుకంటే ప్రోగ్రాము బైట్లను లెక్కపెట్టకుండా గుర్తులను బట్టి చదువుకుంటుంది.

నడకను ఉదాహరణగా తీసుకుంటే, చర్యల ఫైలులో 'వాక్' అన్న చర్య కింద నాలుగు భంగిమలు వరుసగా ఉంటాయి. ఒక్కో భంగిమలో నాలుగు వివరాలు: బొమ్మ ఫైలు పేరు, 64, 128 అనే రెండు అంకెల ఆనవాలు, -2, 0 అనే వేగం, 6 అనే వ్యవధి. ఆనవాలు అంటే బొమ్మలో ఏ చుక్క నేలకు ఆనాలన్నది, ఇక్కడ అది అడుగు అంచు నడిమధ్య. వేగంలో మొదటి అంకె అడ్డంగా, రెండోది నిలువుగా. మైనస్ ఉంటే ఎడమకు లేదా పైకి అని అర్థం. వ్యవధి 6 అంటే ఆరు గడియలు, ఒక్కో గడియ సెకనులో ఇరవై అయిదో వంతు. అంటే ఈ భంగిమ పావు సెకనుకు కొద్దిగా తక్కువ సేపు నిలిచి, ప్రాణిని 12 పిక్సెళ్లు ఎడమకు జరుపుతుంది.

ఇక్కడే పక్షిశాస్త్రం ప్రవేశిస్తుంది. ఊళ్లో తిరిగే మామూలు గోరింక నేల మీద ఠీవిగా అడుగులు వేస్తుంది. కొండ గోరింక దాదాపు పూర్తిగా చెట్లమీదే బతుకుతూ, కొమ్మ వెంట పక్కకు గెంతుతూ కదులుతుంది. కనుక షిమెజి నడకను అలాగే ఉంచి రంగు మాత్రం నలుపు చేస్తే తయారయ్యేది కొండ గోరింక వేషం వేసుకున్న మరో పక్షి. గెంతు రావడానికి నిలువు వేగాన్ని -4 చేయాలని మొదట తోస్తుంది, కానీ అలా చేస్తే ప్రాణి నేలను వదిలేస్తుంది, నేలను వదిలినదానిని ఇంజన్ పడిపోతున్న ప్రాణిగా లెక్కగట్టి నడకను ఆపేస్తుంది. సరైన మార్గం ఆనవాలును మార్చడం. రెండో భంగిమలో 64, 128కి బదులు 64, 138 అని రాస్తే, లెక్క ప్రకారం ప్రాణి నేల మీదే ఉంటుంది, బొమ్మ మాత్రం పది పిక్సెళ్లు పైకి గీయబడుతుంది. ఆ భంగిమకే అడ్డం వేగాన్ని -5 చేసి, నేలను తాకిన భంగిమల్లో సున్నా చేస్తే, ఆగి ఆగి ఎగిరే గెంతు వస్తుంది. ఒక్క అంకె సరిచేయడానికి పక్షి కాళ్లను అంత నిశితంగా చూడాల్సి రావడం ఈ విద్యలోని అసలు ప్రయోజనం.

ప్రవర్తనల ఫైలులో ప్రతి ప్రవర్తనకూ ఒక పౌనఃపున్యం, అంటే ఎంత తరచుగా జరగాలో చెప్పే అంకె ఉంటుంది. అది శాతం కాదు, వాటా. ఒక సందర్భంలో సాధ్యమైన ప్రవర్తనల అంకెలన్నీ కలిపి 400 అయి, వాటిలో గెంతు వాటా 200 అయితే, ప్రాణి సగం సార్లు గెంతుతుంది. కొండ గోరింకకు గోడ పాకడం, తెర పైకప్పుకు వేలాడటం అక్కరలేదు కాబట్టి వాటి అంకెను సున్నా చేయాలి. విండో పై అంచు మీద కూర్చోవడాన్ని కొమ్మ మీద వాలడంగా భావించి పెంచాలి. షిమెజి తనను తాను రెండుగా చీల్చుకొని సంఖ్య పెంచుకునే ప్రవర్తన ఒకటుంది; ఒక కాన్పులో రెండు మూడు గుడ్లు మాత్రమే పెట్టే, చెట్టు తొర్ర దొరికితే తప్ప గూడు కట్టని పక్షి విషయంలో దానిని తీసేయడమే న్యాయం. తిండిగా పెట్టదగినవి మర్రి, రావి, జువ్వి వంటి చెట్ల పండ్లు.

శబ్దం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కొత్త రూపమైన షిమెజి-ఇఇలో ఒక్కో భంగిమకు శబ్దపు ఫైలును జోడించవచ్చు కాబట్టి, పక్షి చేత నమస్కారం చెప్పించాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. కానీ కొండ గోరింక మనిషి మాటను పలకడం పంజరంలోనే జరుగుతుంది. అడవిలో అది తన చుట్టుపక్కల ఉన్న సొంత జాతి పక్షుల కూతలను నేర్చుకుంటుంది, మిగతా పక్షులను అనుకరించదు. మాట్లాడే గోరింకను తెర మీద పెట్టడం పంజరాన్ని మళ్లీ గుర్తుచేయడమే అవుతుంది. ఈలలు, కీచుకూతలు, గొంతు గురగురలు కలిసిన దాని సొంత పాటను, అడవిని కలతపెట్టకుండా దూరం నుంచి రికార్డు చేసి వాడటం ఉత్తమం.

భాష విషయంలో షిమెజి చరిత్రలోనే ఒక మంచి ఆధారం ఉంది. యమాదా విడుదల చేసిన మొదటి రూపంలో ఆ రెండు ఫైళ్ల పేర్లు, లోపలి గుర్తులు, చర్యల పేర్లు అన్నీ జపనీస్ లిపిలోనే ఉండేవి. ఇంగ్లీషు రూపం తరువాత వచ్చింది. చర్యకు పెట్టిన పేరు ఒక గుర్తింపు మాత్రమే కావడంతో, రెండు ఫైళ్లలోనూ ఒకేలా రాసినంతకాలం దానిని తెలుగులో 'గెంతు' అనీ 'వాలు' అనీ పెట్టుకోవచ్చు. పడిపోవడం, మౌస్‌కు చిక్కడం, విసిరివేయబడటం వంటి కొన్ని ప్రవర్తనల పేర్లను మాత్రం ఇంజన్ నేరుగా వెతుకుతుంది కనుక వాటిని ముట్టుకోకూడదు. కొత్తవలస నుంచి అరకు మీదుగా వచ్చే రైలు దారి చివర, బైలడిల్లా ఇనుప గనుల చెంత ఉన్న కిరందుల్, బచేలి పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది పనికివస్తుంది. దంతెవాడ పల్లెల్లో వినిపించే గోండీ, హల్బీ భాషలకు ఇంకా ఎక్కువగా పనికివస్తుంది, వాటిలో పిల్లల చేతికి అందే సాఫ్ట్‌వేర్ అతి తక్కువ. గోండీకి దేవనాగరి, తెలుగు లిపులతో పాటు సొంత లిపులూ ఉన్నాయి: మసరాం గోండీ లిపి కంప్యూటర్ లిపుల ప్రమాణమైన యూనికోడ్‌లో 2017లో చేరింది, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండీ లిపి 2018లో చేరింది. ఈ లిపుల ప్రతి సంకేతానికీ నాలుగు బైట్లు పడతాయి, ఎక్స్‌ఎంఎల్ ఫైలుకు అది భారం కాదు. కంప్యూటర్‌లో తగిన ఫాంటు ఉండాలి, ఫైలును యూటీఎఫ్-8గానే భద్రపరచాలి.

పనిలోకి దిగే ముందు మూల ఫోల్డర్‌కు ఒక నకలు తీసి పక్కన పెట్టడం, ఒకసారికి ఒక్క మార్పే చేసి వెంటనే నడిపి చూడటం, మార్చిన అంకెను పాతదానితో సహా ఒక చోట రాసుకోవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. ఎక్స్‌ఎంఎల్‌లో మూయడం మరిచిన ఒక్క కొటేషన్ గుర్తు వల్ల ప్రోగ్రాము మొత్తం తెరుచుకోకపోవచ్చు; పది మార్పులు ఒకేసారి చేసినవారికి ఆ తప్పు దొరకదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, న్యాయంగా పొందిన ప్రోగ్రామును వ్యాపారేతర సొంత వాడకం కోసం నకలు చేసుకోవడాన్ని, మార్చుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. అందువల్ల కొనుక్కున్న పెట్జ్ జాతి ఫైలును ఇంట్లో దిద్దుకోవడానికి అభ్యంతరం లేదు. సంస్థ బొమ్మలు ఉన్న ఆ ఫైలును పదిమందికి పంచడం, అమ్మడం వేరే విషయం, అక్కడ అనుమతి కావాలి. షిమెజి అలా కాదు, దానిని మార్చి పంచుకోవడానికి లైసెన్సే అనుమతిస్తుంది. పంచేటప్పుడు మూల రచయిత పేరు, లైసెన్సు పత్రం తీసేయకుండా ఉంచాలి, బొమ్మలు ఎవరు గీశారో, కూతలు ఎవరు రికార్డు చేశారో ఒక చిన్న పాఠపు ఫైలులో రాయాలి. బొమ్మలూ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లూ చాలా చిన్నవి గనుక, నెట్‌వర్క్ సరిగా అందని అడవి గ్రామాలకు ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు. జావా అనే సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్లలో షిమెజి నడవదు కాబట్టి, జావా ఇన్‌స్టాలర్‌ను కూడా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి.